రియాక్టర్‌లో నీళ్లు ఎప్పుడూ రేడియేషన్‌లోనే ఉంటాయి కదా, హైడ్రోజన్ రోజూ ఎందుకు పేలదు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. మీది శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నారు. కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం మాట వచ్చినప్పుడల్లా ఊళ్లో "ఫుకుషిమాలో హైడ్రోజన్ పేలినట్టే ఇక్కడా పేలుతుంది" అంటున్నారు. మీరేమో రేడియేషన్ తగిలితే నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుందని క్లాసులో చదివారు. రియాక్టర్ నడిమధ్యలో నీళ్లు రాత్రింబవళ్లూ రేడియేషన్‌లోనే ఉంటాయి. అలాంటప్పుడు రోజూ ఎందుకు పేలదు, ఫుకుషిమాలో అప్పుడే ఎందుకు పేలింది? ఇదీ మీ సందేహం.

సూటిగా చెప్తాను. ఫుకుషిమాలో పేలిన హైడ్రోజన్‌లో చాలా భాగం రేడియేషన్ నీటిని విడగొట్టడం వల్ల వచ్చింది కాదు. ఇంధనానికి తొడుగుగా ఉండే జిర్కోనియం లోహం విపరీతంగా వేడెక్కి, నీటి ఆవిరితో చర్య జరిపి పుట్టించింది. రేడియేషన్ వల్ల నీరు విడిపోవడమూ నిజమే, అది ప్రతి క్షణం జరుగుతూనే ఉంటుంది. కానీ నీళ్లు శుభ్రంగా ఉండి, అందులో కొద్దిగా హైడ్రోజన్ కరిగి ఉంటే, విడిపోయిన ముక్కలు మళ్లీ నీరుగా కలిసిపోతాయి. ఆ "శుభ్రంగా" అన్న మాట చుట్టూనే నా ఉద్యోగమంతా గడిచింది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ల్యాబ్‌లో కళ్లారా చూసే సంగతి చెప్తాను. గాలి పూర్తిగా తీసేసిన స్వచ్ఛమైన నీటిని చిన్న గాజు ఆంపూల్‌లో పైదాకా నింపి, మూతి కరిగించి మూసేసి, గామా కిరణాలు వెలువరించే కోబాల్ట్-60 ఉన్న పెట్టెలో (గామా ఛాంబర్‌లో) పెడతాం. మర్నాడు తీస్తే గాజు టీ డికాషన్ రంగులోకి మారి ఉంటుంది. గామా కిరణాలు గాజులోని ఎలక్ట్రాన్లను వాటి చోటు నుంచి తప్పిస్తాయి, అవి ఎక్కడెక్కడో చిక్కుకుపోయి ఆ రంగు వస్తుంది. (కొలిమిలో బాగా వేడిచేస్తే మళ్లీ తెల్లబడుతుంది.) లోపలి నీరు మాత్రం పెట్టినట్టే ఉంటుంది. ఆంపూల్ పగలగొట్టి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (వాయువుల్ని విడదీసి కొలిచే యంత్రం) చూస్తే హైడ్రోజన్ చాలా కొద్దిగా కనబడుతుంది. ఇంకో ఆంపూల్‌ను రెండు రోజులు ఉంచినా అంతే, మూడు రోజులు ఉంచినా అంతే. ఒక స్థాయికి వచ్చి ఆగిపోతుంది.

ఇప్పుడు అదే నీటిలో చిటికెడు పొటాషియం బ్రోమైడ్ కలిపి పెట్టండి. ఈసారి హైడ్రోజన్ ఆగదు. డోసు పెరిగేకొద్దీ అదీ, దానితోపాటు హైడ్రోజన్ పెరాక్సైడూ పెరుగుతూ పోతాయి. నీరు అదే, గామా మూలం అదే. తేడా ఆ చిటికెడు ఉప్పుది. నేను మొదటిసారి ఈ రెండు గీతల్ని ఒకే గ్రాఫ్ కాగితం మీద గీసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఒకటి అడ్డంగా పడుకుంది, రెండోది నిచ్చెన వేసినట్టు పైకి పోయింది. మీ ప్రశ్నకు జవాబు సగం ఆ కాగితం మీదే ఉంది.

కారణం ఇది. రేడియేషన్ తగిలిన నీటిలో సెకనులో లక్షో వంతు కూడా గడవకముందే హైడ్రాక్సిల్ రాడికల్ (నీటి అణువు నుంచి ఒక హైడ్రోజన్ ఊడిపోగా మిగిలిన, దేనితోనైనా చప్పున చర్య జరిపే OH ముక్క), హైడ్రోజన్ పరమాణువు, చుట్టూ నీటి అణువులు మూగిన ఎలక్ట్రాన్ పుడతాయి. ఈ ఎలక్ట్రాన్‌ను 1962లో హార్ట్, బోగ్ పల్స్ రేడియాలిసిస్‌తో (క్షణకాలం రేడియేషన్ కొట్టి, పుట్టినవాటిని వెంటనే కాంతితో చూసే పద్ధతి) స్పష్టంగా చూపించారు. వీటితోపాటు నేరుగా కొంత హైడ్రోజన్ అణువు, కొంత పెరాక్సైడ్ కూడా వస్తాయి. హైడ్రాక్సిల్ వెళ్లి కరిగున్న హైడ్రోజన్‌ను పట్టుకుంటే నీరు తయారై, ఒక హైడ్రోజన్ పరమాణువు మిగులుతుంది. ఆ పరమాణువు పెరాక్సైడ్‌ను పట్టుకుంటే మళ్లీ నీరు వచ్చి, మళ్లీ ఒక హైడ్రాక్సిల్ పుడుతుంది. అది ఇంకో హైడ్రోజన్ కోసం పోతుంది. ఈ గొలుసు తిరుగుతున్నంతసేపూ హైడ్రోజన్, పెరాక్సైడ్ ఎప్పటికప్పుడు ఖర్చవుతుంటాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా అణు ప్రాజెక్టులో పనిచేసిన ఆగస్టిన్ అలెన్, ఆయన తోటివాళ్లు దీన్ని విడమర్చారు. బ్రోమైడ్ చేసే పనల్లా హైడ్రాక్సిల్‌ను మధ్యలోనే ఎగరేసుకుపోవడం. గొలుసు తెగిపోతుంది. గొలుసు తెగితే హైడ్రోజన్ పోగుపడుతుంది.

అందుకే ఒత్తిడి నీటి రియాక్టర్లలో (కొవ్వాడకు ప్రతిపాదించిన ఏపీ-1000 ఆ రకమే) చల్లబరిచే నీటిలో కావాలనే హైడ్రోజన్ కరిగిస్తారు. మామూలుగా ఈ రకం రియాక్టర్లలో కిలో నీటికి 25 నుంచి 50 మిల్లీలీటర్లు ఉంటుంది. వినేవాళ్లకు ఇది తలకిందుల మాటలా ఉంటుంది: హైడ్రోజన్ రాకుండా ఉండటానికి హైడ్రోజనే వేస్తారా అని. అవును, గొలుసు తిరగడానికి అదే ఇంధనం. ఆక్సిజన్ పుట్టకుండా ఆపేదీ అదే. ఆక్సిజన్ లేకపోతే పైపులు తుప్పు పట్టడమూ తగ్గుతుంది, పేలడానికి జోడీ కూడా దొరకదు.

ఈ ఒక్క విషయం సమయానికి గుర్తుకు రాకపోవడం వల్ల ఒక దేశమంతా వణికిపోయిన సందర్భం ఉంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ రెండో యూనిట్‌లో ఇంధనం కరిగాక, రియాక్టర్ పాత్ర పైభాగంలో హైడ్రోజన్ బుడగ చేరింది. రేడియేషన్ నీటిని విడగొడుతూనే ఉంటుంది, ఆక్సిజన్ మెల్లగా ఆ బుడగలో చేరుతుంది, కొద్ది రోజుల్లో పాత్రే పేలుతుంది అని అధికారుల్లో కొందరు లెక్క కట్టారు. ఆ వారాంతమంతా భయం. కానీ అంత హైడ్రోజన్ కరిగున్న నీటిలో ఆక్సిజన్ పోగుపడదు, పుట్టింది పుట్టినట్టు తిరిగి నీరైపోతుంది. ఆదివారానికి ఆ లెక్క తప్పని తేలింది. ఆ ప్రమాదంలో హైడ్రోజన్ మండింది నిజమే, మొదటిరోజే కంటైన్‌మెంట్‌లో (రియాక్టర్ చుట్టూ గాలి బయటికి పోకుండా కట్టిన గట్టి కట్టడం) గాలితో కలిసి మండి ఒత్తిడి ఒక్కసారిగా ఎగసింది. పాత్రలోని బుడగ సంగతి మాత్రం వేరు. రేడియేషన్ కెమిస్ట్రీ తెలిసిన ఒక మనిషిని మొదటి రోజే గదిలో కూర్చోబెట్టి ఉంటే ఎన్ని కుటుంబాలు ఆ రెండు రాత్రులు నిద్రపోయేవో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి. ఏ కేంద్రమో చెప్పను. భారజల రియాక్టర్‌లో మోడరేటర్ (న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం) మీద హీలియం వాయువు కప్పి ఉంచుతారు. అందులో డ్యుటీరియం (భారజలంలో ఉండే బరువైన హైడ్రోజన్) ఎంత చేరిందో షిఫ్టు షిఫ్టుకూ కొలుస్తారు. 4 శాతం దగ్గరికి పోతే మండే హద్దు కాబట్టి దానికి చాలా దిగువనే ఉంచాలి. ఒక వారం ఆ అంకె నిలకడగా పైకి పోతోంది. ఆ వాయువును ఆక్సిజన్‌తో కలిపి మళ్లీ నీరు చేసే రీకాంబైనర్ బాగానే పనిచేస్తోంది. పరికరం తప్పు చూపుతోందేమో అని మొదట దాన్నే మార్చారు. ఆ తర్వాత నమూనా మా దగ్గరికి పంపారు. నీటి వాహకత (కరెంటు ఎంత పారుతుందో చెప్పే కొలత, కరిగిన లవణాలుంటే పెరుగుతుంది) బాగానే ఉంది, పీహెచ్ బాగానే ఉంది. చివరికి తేలిందేమిటంటే, అంతకు కొద్ది రోజుల ముందు పెట్టిన కొత్త అయాన్ మార్పిడి రెజిన్‌ను (నీటిలోని లవణాలను పట్టి శుభ్రం చేసే పూసలు) సరిగా కడగలేదు. దాని నుంచి కొద్దికొద్దిగా సేంద్రియ పదార్థం నీటిలోకి దిగుతోంది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి వాహకత మీటరుకు కనబడదు. కానీ హైడ్రాక్సిల్ రాడికల్‌కు అది దొరికితే చాలు. మా బ్రోమైడ్ చేసిన పనే అదీ చేసింది. ఆ కాలమ్ పక్కనపెట్టి ఇంకోటి వాడాక రెండు మూడు రోజుల్లో అంకె దిగివచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, రియాక్టర్ ఆపాల్సిన అవసరం కూడా రాలేదు. కానీ ఆ వారం మా మేడమ్ (అప్పటి మా సెక్షన్ హెడ్) ఒక్కరోజు కూడా తొమ్మిది లోపు ఇంటికి వెళ్లలేదు. "వాహకత బాగుంది అంటే నీరు బాగుందని కాదు, బాబూ" అన్న ఆవిడ మాట నేను తర్వాత ఎంతమంది ట్రైనీలకు చెప్పానో లెక్కలేదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాటవేయకూడదు. పైన చెప్పిందంతా నీరు ద్రవంగా ఉన్నప్పటి మాట. మరిగే నీటి రియాక్టర్లలో, అంటే ఫుకుషిమాలోనూ మన తారాపూర్ మొదటి రెండు యూనిట్లలోనూ ఉన్న రకంలో, ఆవిరి బుడగలు హైడ్రోజన్‌ను నీటి నుంచి ఎత్తుకుపోతాయి. కరిగి ఉండటానికి హైడ్రోజన్ మిగలకపోతే గొలుసు సరిగా తిరగదు. అందుకని హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఆవిరితోపాటు ఎప్పుడూ టర్బైన్ వైపు పోతూనే ఉంటాయి. కండెన్సర్ తర్వాత వాటిని పట్టి రీకాంబైనర్‌లో మళ్లీ నీరు చేస్తారు. మామూలుగా ఇది సాఫీగానే సాగుతుంది. చిక్కల్లా ఎటూ పారని, చివర మూసుకున్న పైపుల దగ్గర వస్తుంది. అక్కడ ఆవిరి చల్లబడి నీరై దిగిపోతుంది, వాయువులు మాత్రం పైన చేరి ఉండిపోతాయి. అదీ రెండుపాళ్లు హైడ్రోజన్, ఒకపాలు ఆక్సిజన్ అన్న నిష్పత్తిలో, అంటే అతి ప్రమాదకరమైన కలయికలో.

2001 నవంబరులో జపాన్‌లోని హమావోకా మొదటి యూనిట్‌లో, తర్వాతి నెలలోనే జర్మనీలోని బ్రున్స్‌బ్యూటెల్‌లో సరిగ్గా ఇలాగే పైపులు పేలి చీలిపోయాయి. ఇంధనం కరగలేదు, సునామీ రాలేదు, రియాక్టర్లు మామూలుగా నడుస్తున్నాయి. కాబట్టి "రేడియేషన్ విడగొట్టిన నీటి వల్ల పేలుడు అసలు జరగదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. జరిగింది. అయితే అది ఒక పైపుకు పరిమితమైన పేలుడు, కారణం కనిపెట్టాక అలాంటి మూసుకున్న పైపుల్ని వెతికి సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు ఫుకుషిమా. అంకెలు పక్కపక్కన పెడితేనే తేడా అర్థమవుతుంది. లీటరు నీటికి 1000 గ్రే (గ్రే అంటే కిలోకు ఒక జౌల్ శక్తి దిగడం) గామా డోసు ఇస్తే, తిరిగి కలవడం ఏమీ లేదనుకున్నా, నేరుగా పుట్టే హైడ్రోజన్ దాదాపు 1 మిల్లీలీటరు. అదే ఒక కిలో జిర్కోనియం పూర్తిగా ఆవిరితో కలిసి ఆక్సైడ్ అయితే వచ్చే హైడ్రోజన్ 490 లీటర్ల చిల్లర. మీరే లెక్క కట్టి చూసుకోండి, జిర్కోనియం పరమాణు భారం 91.2, ఒక్కో పరమాణువుకు రెండు హైడ్రోజన్ అణువులు. పెద్ద రియాక్టర్‌లో ఇంధనం మీది తొడుగు గొట్టాల కోసం వాడే జిర్కోనియం పదుల టన్నులు.

మరి అలాంటి లోహం ఎందుకు వాడతారంటే, అది న్యూట్రాన్లను దాదాపు మింగదు, మామూలు వేడిలో తుప్పుకు బాగా తట్టుకుంటుంది. పనిచేసే వేడి 300 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నంతకాలం దాని మీద పల్చని ఆక్సైడ్ పొర ఏర్పడి కాపాడుతుంది. 1200 డిగ్రీల దగ్గరికి పోతే కథ మారిపోతుంది. చర్య వేగం అందుకుంటుంది, ఆ చర్యే ఇంకా వేడిని పుట్టిస్తుంది, ఆ వేడికి చర్య ఇంకా పెరుగుతుంది. తన మంటకు తానే కట్టె అవుతుంది. అమెరికా నిబంధనల్లో తొడుగు వేడి 1204 డిగ్రీలు దాటకూడదన్న హద్దు పెట్టింది దీని కోసమే.

2011 మార్చి 11 మధ్యాహ్నం భూకంపం రాగానే ఫుకుషిమా దాయిచిలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ ఆగాయి. విచ్ఛిత్తి ఆగింది గానీ, ఇంధనంలోని రేడియోధార్మిక పదార్థాల వేడి ఆగదు. ఆపిన క్షణంలో అది పూర్తి శక్తిలో 6, 7 శాతం ఉంటుంది, ఒక రోజు గడిచినా అర శాతం పైచిలుకు మిగిలే ఉంటుంది. సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లు మునిగాయి, పంపులు ఆగాయి, నీరు మరిగి ఇంధనం బయటపడింది. దాదాపు సరిగ్గా ఒక రోజుకు, 12వ తేదీ మధ్యాహ్నం 3:36కు, మొదటి యూనిట్ భవనం పేలింది. 14న మూడోది, 15న నాలుగోది.

గమనించాల్సింది ఒకటుంది. ఆ కంటైన్‌మెంట్ లోపల ముందే నైట్రోజన్ నింపి ఉంటుంది కాబట్టి అక్కడ మండలేదు. ఒత్తిడి పెరిగి హైడ్రోజన్ బయటి భవనంలోకి కారింది, అక్కడ గాలి దొరికి పేలింది. నాలుగో యూనిట్‌లో అయితే రియాక్టర్‌లో ఇంధనమే లేదు! మూడో యూనిట్ నుంచి వదిలిన వాయువు రెండింటికీ కలిపి వేసిన చిమ్నీ పైపులోంచి వెనక్కి నడిచి నాలుగో భవనంలోకి వచ్చింది. పేలుడుకు సైన్సు ఎంత కారణమో, ఆ పైపు అమరిక అంత కారణం.

ఊళ్లో కొందరు "హైడ్రోజన్ బాంబు" అంటున్నారని కూడా రాశారు. ఆ పేరు ఒక్కటే కలిసింది. బాంబులో జరిగేది హైడ్రోజన్ కేంద్రకాలు ఒకటవడం. ఇక్కడ జరిగేది హైడ్రోజన్ గాలిలో మండటం, వంటగ్యాస్ లీకై ఇల్లు పేలినట్టు. చిన్నదని చెప్పడం లేదు, భవనాల పైకప్పులు లేచిపోయాయి. కానీ అది వేరే సంగతి.

పేలేదే కాకుండా, చప్పుడు లేకుండా పనిచేసే హైడ్రోజన్ కూడా ఒకటుంది. మీరు అడగకపోయినా, మెటీరియల్స్ వైపు వెళ్దామనుకుంటున్నానని రాశారు కాబట్టి చెప్తున్నాను. తుప్పులో పుట్టే హైడ్రోజన్‌లో కొంత జిర్కోనియం లోపలికే దిగుతుంది. వేడిగా ఉన్నప్పుడు అది లోహంలో కరిగి ఉంటుంది, చల్లబడితే హైడ్రైడ్ పలకలుగా విడిపోతుంది, పాకం చల్లారితే పంచదార పలుకులు కట్టినట్టు. ఆ పలుకులున్న చోట లోహం పెళుసుబారుతుంది. ఒకపక్క న్యూట్రాన్లు లోహపు పరమాణువుల్ని వాటి చోటు నుంచి మళ్లీమళ్లీ తన్నేస్తుంటాయి. దానివల్ల జిర్కోనియం గొట్టం గట్టిపడుతుంది, పొడవు సాగుతుంది, మధ్యలో కొంచెం కుంగుతుంది. కెనడాలోని పికరింగ్ రెండో యూనిట్‌లో 1983 ఆగస్టులో ఈ రెండూ కలిశాయి. ప్రెషర్ ట్యూబ్‌ను (ఇంధనం, దాన్ని చల్లబరిచే వేడినీరు ఉండే గొట్టం) బయటి చల్లని గొట్టానికి తగలకుండా ఆపే స్ప్రింగ్ జరిగిపోయింది, ట్యూబ్ కుంగి బయటిదానికి ఆనింది. ఆనిన చోట చల్లబడి హైడ్రోజన్ అంతా అక్కడికి చేరి బొబ్బలు కట్టింది, చివరికి గొట్టం దాదాపు 2 మీటర్ల పొడవున చీలింది. ఆ అనుభవం తర్వాత, ఆ ట్యూబ్‌కు వాడిన జర్కలాయ్-2 అనే జిర్కోనియం మిశ్రమం ఇంకా ఉన్న చోట్ల కూడా హైడ్రోజన్‌ను తక్కువ పీల్చుకునే జిర్కోనియం-2.5 శాతం నియోబియం మిశ్రమానికి మారారు. మన భారజల రియాక్టర్లకు ఈ గొట్టాలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే తయారవుతాయి. వీలైతే ఒకసారి అక్కడ ప్రాజెక్టుకు ప్రయత్నించండి. పరిశోధన వైపైతే కల్పాక్కంలో నీరు, ఆవిరి కెమిస్ట్రీ మీదే పనిచేసే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) విభాగం ఉంది, ముంబై బార్క్‌లో పల్స్ రేడియాలిసిస్ సౌకర్యం ఉంది.

ఫుకుషిమా తర్వాత ప్రపంచమంతటా వేగం పుంజుకున్న పని రెండు దారుల్లో ఉంది. ఒకటి, జిర్కోనియం తొడుగు మీద క్రోమియం పూత, లేదా తొడుగునే ఇనుము-క్రోమియం-అల్యూమినియం మిశ్రమంతో చేయడం. వీటి నమూనా కడ్డీల్ని 2018 నుంచి అమెరికాలో నడుస్తున్న రియాక్టర్లలో పెట్టి చూస్తున్నారు. రెండోది, పుట్టిన హైడ్రోజన్‌ను పేలకముందే ఖర్చు చేసే రీకాంబైనర్లు. ప్లాటినం, పల్లాడియం పూసిన పలకల మీద హైడ్రోజన్, ఆక్సిజన్ మంట లేకుండా కలిసి నీరవుతాయి. ఆ వేడికే గాలి పైకి లేచి కిందినుంచి కొత్త గాలిని లాక్కుంటుంది, కాబట్టి ఫ్యాను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మన కేంద్రాల్లోనూ వీటిని పెట్టారు. నా అభిప్రాయంలో ఫుకుషిమా నుంచి ప్రపంచం నేర్చుకున్నవాటిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు. అయితే వాటి పనికి ఒక వేగం ఉంటుంది. హైడ్రోజన్ ఒక్కసారిగా కమ్ముకొస్తే అవి మాత్రమే చాలవు.

కొవ్వాడ సంగతికి వస్తే, అది రావాలా వద్దా అన్నది మీ ఊళ్ల నిర్ణయం, భూమి, సముద్రం, చేపలవేట అన్నీ అందులో ఉన్నాయి. నేను దాని గురించి తీర్పు చెప్పను. కానీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, హైడ్రోజన్ గురించి "పేలుతుందా" అని అడగకండి, "పేలదు" అని ఒక్కమాటతో కూర్చోబెడతారు. ఇలా అడగండి.

ఏపీ-1000 డిజైన్‌లో మొత్తం కరెంటు పోయినా 72 గంటలు మనిషి చేయి పడకుండా చల్లబడుతుందని చెప్తారు. ఆ మాట నిజమే. 73వ గంట నుంచి నీళ్లు ఎక్కడి నుంచి, ఏ పంపుతో, ఏ దారిలో వస్తాయి? తుపానుకు రోడ్లు తెగిన రోజున కూడా వస్తాయా? హుద్‌హుద్ తర్వాత మీ వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో మీకే బాగా తెలుసు.

హైడ్రోజన్‌ను కావాలని కొద్దికొద్దిగా మండించే ఇగ్నైటర్లకు కరెంటు కావాలి, రీకాంబైనర్లకు అక్కర్లేదు. కరెంటు పూర్తిగా పోయినప్పుడు దేని మీద ఎంత భారం పెట్టారు?

ఆరు యూనిట్లు పక్కపక్కన వస్తాయంటున్నారు. ఒక యూనిట్ నుంచి వదిలిన వాయువు ఇంకో యూనిట్ భవనంలోకి పోయే పైపుగానీ, నాళంగానీ, కేబుల్ దారిగానీ ఎక్కడైనా ఉందా? గీతలు వేసిన కాగితం మీద చూపించమనండి.

వాళ్లు ఇచ్చే జవాబు కాగితాలు మీ చేతికి వస్తే ఇక్కడ పెట్టండి. పేజీ పేజీ మీతో కలిసి చదువుతాను.